బక్కపలచటి అబ్బాయి, ఎన్‌డీఏ కల, రెండేళ్ల హాస్టల్

ప్రశ్న: మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఎన్‌డీఏ (సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అంటే ప్రాణం. కానీ ఒక్క చిన్-అప్ కూడా తీయలేడు. ఫిట్‌నెస్ కోసం డిఫెన్స్ కోచింగ్ అకాడమీ హాస్టల్లో వేయమంటున్నారు. ఇంట్లో ఉండి చేస్తే సరిపోతుందా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: పోలీసు ఈవెంట్స్‌లో లాగా పరిగెత్తించి, సెకను దాటితే ఇంటికి పంపేసే పరీక్ష ఎన్‌డీఏ ఎంపికలో లేదండీ. రాత పరీక్ష, ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు పెట్టే ఇంటర్వ్యూ, పరీక్షలు), ఆ తర్వాత మెడికల్, అంతే. అయితే ఎన్‌డీఏకి వెళ్లేలోపు ఎంత తయారుగా ఉండాలో యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోనే రాస్తారు: 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో, పుషప్స్, సిటప్స్ కనీసం 20 చొప్పున, చిన్-అప్స్ 8, తాడు 3-4 మీటర్లు.

అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఆరు రౌండ్లు, రౌండుకు రెండున్నర నిమిషాలు. చాలామంది పిల్లలు మొదటిరోజే మూడు కిలోమీటర్లు, అదీ ఆర్కే బీచ్ మెత్తటి ఇసుకలో పరిగెడతారు. కాలు దిగబడి పిక్కల మీద భారం పడుతుంది, రెండో వారానికి మోకాలి కింద ముందరి ఎముక సలుపు మొదలవుతుంది. ఇక నెలంతా మంచమే. మట్టి గ్రౌండులో నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు, వారానికి నాలుగు రోజులు చాలు. వారం వారం పరుగు పెంచి నడక తగ్గించాలి. వేసవిలో మన ఉక్కకి ఉదయం ఆరు గంటలు దాటాక బయల్దేరితే సగం సత్తువ చెమటకే పోతుంది.

చిన్-అప్ రానివాణ్ణి ‘లాగరా’ అంటే ఊగి, కాళ్లు తన్ని లాగుతాడు. మోచెయ్యి పట్టేస్తుంది. స్టూలెక్కి గడ్డం బార్ పైకి వచ్చేలా పట్టుకుని, ఐదు లెక్కపెడుతూ మెల్లగా దిగమనండి. ఐదుసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. చివర్లో ఊరికే ఇరవై సెకన్లు వేలాడాలి. పట్టు కుదిరితే తాడుకీ అదే పనికొస్తుంది.

హాస్టల్ సంగతి. గ్రౌండు, క్రమశిక్షణ, తోటి పిల్లల పోటీ, ఇవన్నీ అక్కడ నిజంగానే దొరుకుతాయి. నాకు అనుమానం వేరేచోట. ఎస్‌ఎస్‌బీ గ్రౌండులో మూడు నిమిషాల్లో పది అడ్డంకులు ఉంటాయి, కానీ అక్కడ చూసేది కండ ఒక్కటే కాదు. తెగింపు, ఏది ముందు చేయాలో తేల్చుకునే తెలివి కూడా చూస్తారు. ఉదయం విజిల్‌కి లేచి, చెప్పింది చెప్పినట్టు చేసే రెండేళ్లలో ఆ రెండోది ఎంత పెరుగుతుందో నాకు నమ్మకం లేదు. పైగా ఆరువందల మార్కుల జనరల్ ఎబిలిటీ పేపరు, ఇంగ్లిషు మాట్లాడటం వెనకబడితే కండలతో ఏం చేస్తాడు?

ఫీజు కట్టే ముందు మెడికల్ చూపించండి. చెవి, ముక్కు, కళ్లు, రంగులు గుర్తించడం. తడికాలు నేల మీద పెడితే అరికాలంతా అచ్చు పడుతోందా? చదును పాదమని కంగారొద్దు. మునివేళ్ల మీద లేచినప్పుడు అరికాలి వంపు కనిపిస్తే, నొప్పి లేకుండా పరిగెత్తగలిగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇక మీకో మాట. ‘బక్కోడు’ అని వాడి ముందే ఎన్నిసార్లు అన్నారు? మీ భయం ఫిట్‌నెస్ గురించి కాదు, ఎన్‌డీఏ రాకపోతే ఇంటర్ కూడా పోతుందేమోనని. పోదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు వస్తుంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో నేవీ బీటెక్ ఎంట్రీ ఉంది, డిగ్రీ తర్వాత సైనికాధికారి కావడానికి సీడీఎస్ పరీక్ష ఉంది. ఎంపీసీ బాగా చదివితే ఇవన్నీ తెరిచే ఉంటాయి.

ఈ ఆదివారం చిన్-అప్ బార్ కొనండి. గోడకు బోల్టులతో బిగించేది తీసుకోండి, ద్వారబంధం మధ్య తిప్పి ఇరికించేది జారిపడొచ్చు.