ముందు ఆట నడిపేవాళ్లని తయారు చేసుకో

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు కాలేజీలో రోల్ ప్లేయింగ్ గేమ్స్ క్లబ్, అదే తలా ఒక పాత్రయి మాటలతో కథ ఆడే ఆటల క్లబ్, పెడతాను బాబాయ్ అన్నప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. పోస్టర్ ఎలా ఉండాలి, క్లబ్‌కి ఏం పేరు పెట్టాలి, పాచికల సెట్లు ఎక్కడ దొరుకుతాయి అని చాలా అడిగావు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, అదే అసలైనది. నువ్వు రాలేని శనివారం ఆట ఎవరు నడుపుతారు?

నేను ఇంజినీరింగ్‌లో ఉండగా పెట్టిన క్లబ్ మొదటిరోజు ముప్ఫై మంది వచ్చారు. ఆ ఉత్సాహంలో అందర్నీ ఒకే గుండ్రంగా కూర్చోబెట్టి నేనే గేమ్ మాస్టర్‌గా, అంటే కథ చెబుతూ ఆట నడిపేవాడిగా, మొదలెట్టాను, ఒక్కొక్కరి వంతు రావడానికి అరగంట పట్టింది, మిగతావాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రెండో వారం పద్నాలుగు మంది, మూడో వారం ఆరుగురు. ఆ ఆరుగురితో ఏడాదిన్నర బ్రహ్మాండంగా సాగింది. తర్వాత నాకు ఫైనలియర్ ప్రాజెక్టు, ఇంటర్వ్యూలు వచ్చి వరసగా మూడు వారాలు వెళ్లలేదు, క్లబ్ మూతపడింది. వాళ్లకి ఆట రాక కాదు, నేను ఆ కుర్చీ ఒక్కసారి కూడా వేరేవాళ్లకి ఇవ్వలేదు కాబట్టి. తర్వాత లెక్చరర్‌గా చేరిన కాలేజీలో పదకొండేళ్లు పిల్లల చేత ఈ క్లబ్ నడిపించానంటే, ఆ ఒక్క తప్పు మళ్లీ చెయ్యకపోవడం వల్లే.

అందుకని పోస్టర్ వెయ్యకు. నలుగుర్ని పిలు, ఎక్కువలో ఎక్కువ ఐదుగురు, ఒక టేబుల్‌కి అంతే. మూడు వారాలు నువ్వు నడుపు. నాలుగో వారం వాళ్లలో ఒకళ్ల చేత ఒక్క సీన్, అరగంట, నడిపించు. ఆరో వారానికి ఆట మొత్తం ఆ అమ్మాయో అబ్బాయో నడపాలి, నువ్వు మామూలు ప్లేయర్‌గా కూర్చోవాలి. వాళ్లు రూల్ తప్పు చెప్పినా అక్కడ నోరు విప్పకు, అయిపోయాక క్యాంటీన్‌కి తీసుకెళ్లి టీ తాగుతూ చెప్పు. నలుగురి ముందు ఒక్కసారి దిద్దావంటే ఆ పిల్ల మళ్లీ ఆ కుర్చీలో కూర్చోదు, నేను చూశాను. ఇద్దరు నడిపేవాళ్లు తయారయ్యాకే రెండో టేబుల్, అప్పుడు పోస్టర్.

ఇక రూల్స్. అందరూ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తోనే మొదలెట్టాలనుకుంటారు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని తెచ్చాకే ఈ ఆటలన్నీ పుట్టాయి, దాని మీద నాకు చాలా గౌరవం. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్స్ కింద విడుదల చేశారు కాబట్టి జిరాక్స్ తీసుకున్నా తప్పు లేదు, ఎక్కడిదో పేరు వెయ్యాలంతే. కానీ అది దాదాపు 400 పేజీలు! మిడ్స్ దగ్గరికొచ్చిన పిల్లల చేతిలో అది పెడితే భయపడి పారిపోతారు.

మొదటి నెల రెండు లూడో పాచికలు చాలు. ఏదైనా గండం ఎదురైనప్పుడు రెండూ వేసి కలపాలి. 10 లేదా పైన పడితే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 పడితే జరుగుతుంది గానీ దానికో మూల్యం ఉంటుంది. 6 లేదా కింద పడితే కష్టం మొదలవుతుంది. రెండు పాచికలకి మొత్తం 36 రకాలుగా పడే వీలుంటే అందులో పూర్తి గెలుపు 6, మూల్యంతో గెలుపు 15, కష్టం 15. పాత్రకి బాగా వచ్చిన పని అయితే ఒకటి కలుపు, అప్పుడు ఎంతోకొంత గెలిచే అవకాశం 36లో 21 నుంచి 26కి పెరుగుతుంది. ఆ మధ్యలో ఉన్న 7-9 ఉంది చూడు, కథంతా అక్కడే పుడుతుంది. గోడ దూకావు, కానీ చెప్పు అవతలే పడిపోయింది. ఇప్పుడేం చేస్తావు?

కథ కూడా కోటలు, డ్రాగన్లతోనే ఉండక్కర్లేదు. ఊరి చెరువు తూము తాళం చెవి రాత్రికి రాత్రి మాయమైంది, పొలాలు ఎండుతున్నాయి, తెల్లారేలోపు కనిపెట్టాలి. ఈ ఒక్క ముక్కతో నేను కనీసం పాతికసార్లు ఆట నడిపాను. తెలుగులో ఆడనివ్వు, ఎవరి యాస వాళ్లది. మా టేబుల్ దగ్గర శ్రీకాకుళం కుర్రాడొకడు ఉండేవాడు, క్లాసులో అటెండెన్స్ చెప్పడం తప్ప వాడి గొంతు ఎవరూ వినలేదు. కట్ట మీద కాపలావాడు ఆపాడు, ఏం చేస్తావని అడిగాను. చాలాసేపు పాచిక వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు, పక్కవాడు సాయం చెయ్యబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. తర్వాత తలెత్తకుండానే "మా అయ్యకి జొరం బాబూ, మందు అట్టుకెల్తన్నాను, ఆపితే ఎలాగ" అన్నాడు. టేబుల్ అంతా నిశ్శబ్దం. పాచిక వెయ్యమని కూడా అడగలేదు నేను, కాపలావాడు పక్కకి జరిగాడని చెప్పేశాను. మరుసటేడు రెండో టేబుల్ నడిపింది వాడే.

ఇక్కడే ఒక జాగ్రత్త, దీన్ని చిన్న విషయం అనుకోకు. మన కాలేజీల్లో జూనియర్ని నిలబెట్టి "యాక్ట్ చెయ్" అనడం అంటే ఏంటో నీకు తెలుసు. ర్యాగింగ్ ఆపడానికి యూజీసీ 2009 నిబంధనలు వచ్చాక కూడా ఆ భయం పిల్లల్లో పోలేదు. నీ క్లబ్‌లో ఎవర్నీ లేచి నటించమని అడగకూడదు. కూర్చుని, "నా పాత్ర మెల్లగా వెనక్కి వెళ్తుంది" అని చెప్పినా అది పూర్తి ఆటే. టేబుల్ మధ్యలో ఇంటూ గుర్తు వేసిన అట్టముక్క ఒకటి పెట్టు, ఎవరికైనా ఏ సీనైనా ఇబ్బందిగా ఉంటే దాన్ని తాకుతారు, వెంటనే ఆ సీన్ ఆపి ముందుకి పోవాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు, తర్వాత కూడా. కులం పేరుతో వెక్కిరింపులు, అమ్మాయిల పాత్రలకి బలవంతపు ప్రేమ సీన్లు, ఇవి మొదటిరోజే వద్దని చెప్పెయ్.

పర్మిషన్ గురించి టెన్షన్ పడకు. పాచికలనగానే మనవాళ్లకి శకుని గుర్తొస్తాడు కాబట్టి, ఇందులో ఒక్క రూపాయి పందెం కూడా లేదని లెటర్ మొదటి పేరాలోనే రాయి. 1980ల్లో అమెరికాలోనే తల్లిదండ్రులు ఇది క్షుద్రపూజ అని హడలిపోయారు, మీ హెచ్ఓడీ అనుమానపడితే ఆయన తప్పేం లేదు. వాదించకు, వచ్చి పది నిమిషాలు కూర్చోమని పిలు. తాతయ్య ఉగాదికి భువనవిజయంలో తెనాలి రామకృష్ణుడిగా కూర్చునేవారు కదా, ఆ మాట చెప్పు. పాత్రలో ఉండి అప్పటికప్పుడు మాట అల్లడం మన సభల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. మీ హెచ్ఓడీ తెలుగాయన, చటుక్కున అర్థమవుతుంది.

టైము శనివారం రెండు నుంచి నాలుగున్నర. ఐదింటి కాలేజీ బస్సు అందాలి, హాస్టల్ అమ్మాయిలకి ఇన్‌టైమ్ దాటకూడదు. మిడ్స్ వారం సెలవు ఇచ్చెయ్. ఒక్క రోజులో ముగిసే కథలే ఆడించు, ఒకవారం రానివాళ్లు తర్వాతివారం ఇబ్బంది పడకుండా కూర్చోవాలి.

నా దగ్గరున్న ఇరవై ముఖాల పాచికల సెట్, ఆ ముదురు నీలంది, నాన్నతో పంపిస్తున్నాను. నువ్వు వాడకు. రెండో టేబుల్ మొదలైన రోజున దాన్ని నడిపే పిల్ల చేతిలో పెట్టు.

మీ బాబాయి