యవన రాజులు, కళింగ నేల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే కాలానికి చెందినవి. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో అలెగ్జాండర్ చనిపోయాక అతని సేనానులు రాజ్యాన్ని పంచుకున్నారు. ఈజిప్టు టాలెమీ వంశానికి, సిరియా నుంచి ఇరాన్ దాకా సెల్యూకస్ వంశానికి, మాసిడోనియా చివరికి ఆంటిగోనస్ వంశానికి దక్కాయి. ఆ యవన (అంటే గ్రీకు) రాజ్యాల గురించీ, మన వైపు వాటి జాడల గురించీ అడిగినవే ఈ ప్రశ్నలు.

ప్రశ్న: అశోకుడి 13వ శిలాశాసనంలో అయిదుగురు యవన రాజుల పేర్లున్నాయట. వాళ్లెవరు? మనకు దగ్గర్లోని జౌగడలో ఆ శాసనం చూడొచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాం. ఆమదాలవలసలో రైలెక్కి బరంపురంలో దిగి, పురుషోత్తంపురం వైపు వెళితే ఋషికుల్య ఒడ్డున జౌగడ తగులుతుంది. కానీ అక్కడ 13వ శాసనం లేదు. అశోకుడి 14 శిలాశాసనాల్లో 11, 12, 13 కళింగలోని జౌగడలోనూ ధౌలిలోనూ చెక్కలేదు. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు పెట్టారు. 13వ శాసనం చెప్పేది కళింగ యుద్ధం గురించే. పట్టుకుపోయినవాళ్లు లక్షన్నర మంది, చనిపోయినవాళ్లు లక్ష మంది, ఆ తరవాత పోయినవాళ్లు ఇంకా ఎన్నో రెట్లు అని అందులో ఉంది. ఓడిన జనం కళ్ల ముందు ఆ లెక్క నిలబెట్టడం పాలకులకు ఇష్టం లేకపోయిందనే మేము అనుకుంటున్నాం. జౌగడ ప్రత్యేక శాసనాలు సమాప అనే ఊళ్లోని అధికారులను ఉద్దేశించినవి. వాటిలోదే ‘సవమునిసా మే పజా’ అన్న మాట. మనుషులంతా నా బిడ్డలే అని దాని అర్థం. కళింగ బిడ్డలుగా అది చూడ్డానికైనా జౌగడ వెళ్లాలి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట వెళ్లండి, గాట్ల నీడ వల్ల అక్షరాలు తేలి కనిపిస్తాయి. నడినెత్తిన ఎండ ఉంటే రాయి చదునుగా ఉన్నట్టు కనిపిస్తుంది. అక్షరాలు తెలియడానికి సుద్దముక్కతో రుద్దడం మాత్రం నేరం కిందే లెక్క. 13వ శాసనం తెలుగు నేల మీదే చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లాలి.

ఇక ఆ అయిదుగురు. అంతియోక అంటే సెల్యూకస్ వంశపు రెండో ఆంటియోకస్ (క్రీ.పూ. 261–246). తురమాయ ఈజిప్టు రెండో టాలెమీ, అతను 246లో చనిపోయాడు. అంతికిని మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనాటస్, 239లో పోయాడు. మక అంటే ఇప్పటి లిబియా తీరంలోని సిరీనీని ఏలిన మగస్, మరణం 250 ప్రాంతం. అలికసుదర అంటే గ్రీసు వాయవ్యాన ఉన్న ఎపిరస్ రాజు రెండో అలెగ్జాండర్, 272 నుంచి 255 ప్రాంతం దాకా. హాస్పిటల్ మన నోట ఆసుపత్రి అయినట్టే టాలెమీ అసలు గ్రీకు పేరు ‘ప్టొలెమయోస్’ ప్రాకృతంలో తురమాయ అయింది. గ్రీకు పేర్ల చివరి ‘ఓస్’ను ప్రాకృతం వదిలేస్తుందని గుర్తుంచుకుంటే మిగతావి వాటంతటవే తెలుస్తాయి.

పరీక్ష కోసం పేర్లు బట్టీ పట్టి వదిలేయకండి, అసలు ప్రయోజనం ఇంకోటి ఉంది. అయిదుగురూ ఒకేసారి గద్దె మీద ఉన్న కాలం ఎంత? అందరికన్నా ఆలస్యంగా రాజైనవాడు ఆంటియోకస్, 261లో. ముందు పోయినవాడు ఎపిరస్ అలెగ్జాండర్, 255 ప్రాంతంలో. అంటే ఆ శాసనంలోని సమాచారం ఈ ఆరేళ్ల మధ్యదే. శాసనం అశోకుడి పట్టాభిషేకం తరవాత 12–13 ఏళ్లకు వేసినది. అలా వెనక్కి లెక్కపెడితే పట్టాభిషేకం 268 ప్రాంతమనీ, ఎనిమిదేళ్లకు జరిగిన కళింగ యుద్ధం 260 ప్రాంతమనీ తేలుతుంది. మన కళింగ యుద్ధానికి తేదీ దొరికింది ఎక్కడో మధ్యధరా సముద్రం ఒడ్డున ఏలిన రాజుల వల్ల! కొందరు అలికసుదరను కోరింత్ అలెగ్జాండర్ అంటారు. మిగతా నలుగురూ సొంత రాజ్యాలున్న రాజులు కాబట్టి ఎపిరస్ రాజునే మేము ఒప్పుకుంటాం.

ప్రశ్న: కళింగ రాజు ఖారవేలుడికి భయపడి యవన రాజు డెమెట్రియస్ మధురకు పారిపోయాడని మా మాస్టారు చెప్పారు. నిజమేనా?
— పదో తరగతి విద్యార్థి తండ్రి, బొబ్బిలి

జవాబు: సగం వరకు నిజం. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి హాథిగుంఫ శాసనంలో 17 పంక్తులున్నాయి. ఎనిమిదో పంక్తిలో, పాలనకు వచ్చిన ఎనిమిదో ఏట ఖారవేలుడు మగధలోని గోరథగిరిని కొట్టి రాజగృహాన్ని వేధించాడనీ, ఆ సంగతి విని యవన రాజు మధురకు వెనుదిరిగాడనీ ఉంది. చిక్కంతా పేరు దగ్గరే. అక్కడ రాయి చెడిపోయింది. ‘దిమిత’ అని చదివినవాళ్లు చెరిగిన అక్షరాలను ఊహతో పూరించారు. డెమెట్రియస్ అన్న గుర్తింపు ఆ పూరణ మీదే నిలబడింది.

కాలం కూడా కుదరదు. నందరాజు తవ్వించిన కాలువను ‘తివససత’ తరవాత ఖారవేలుడు తన అయిదో ఏట నగరంలోకి పొడిగించాడని ఆ శాసనమే చెబుతోంది. ఆ మాటకు 103 ఏళ్లనీ, 300 ఏళ్లనీ రెండర్థాలు చెబుతారు. నందుల పాలన ముగిసింది క్రీ.పూ. 322 ప్రాంతంలో. 103 తీసేస్తే 219 వస్తుంది, అది మౌర్యుల పట్టు ఇంకా పూర్తిగా వదలని కాలం. పైగా శాసనం లిపి అంత పాతది కాదు. 300 తీసేస్తే క్రీ.పూ. మొదటి శతాబ్దం చివర పడుతుంది, లిపికీ అదే నప్పుతుంది. బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్ఘానిస్థాన్ వైపు) డెమెట్రియస్ క్రీ.పూ. 200–180 మధ్యవాడు. ఇద్దరికీ మధ్య 150 ఏళ్లకు పైగా ఎడం ఉంది.

అలాగని యవనులకూ మధురకూ సంబంధమే లేదనకండి. మధుర దగ్గర మఘేరాలో దొరికిన శాసనం మీద ‘యవన రాజ్యపు 116వ ఏడు’ అని కాలం వేసి ఉంది. అది కూడా క్రీ.పూ. మొదటి శతాబ్దమే. కాబట్టి ఖారవేలుడి నాటి యవన రాజు అటువైపు ఏలిన మరెవరో అయి ఉండొచ్చు. మీ అబ్బాయిని ‘ఒక యవన రాజు’ అనే రాయమనండి.

ప్రశ్న: సంతలో పాత సామాన్లమ్మే అతని దగ్గర మినాండర్ వెండి నాణెం కొన్నాను. అసలుదో నకిలీదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?
— ఒక దుకాణదారు, విజయనగరం

జవాబు: ఇంట్లో నకిలీని పట్టుకోవచ్చు, అసలుదని మాత్రం నిర్ధారించలేం. ఈ తేడా గుర్తుపెట్టుకుని మొదలుపెట్టండి.

మొదట తూకం. మినాండర్ (మన బౌద్ధ గ్రంథాల మిళిందుడు) చిన్న వెండి నాణెం, అంటే ద్రాక్మ, సుమారు 2.45 గ్రాములు. అరిగినది 2.2 దాకా దిగొచ్చు. నాలుగు ద్రాక్మల పెద్ద నాణెం 9.8 గ్రాముల దగ్గర ఉంటుంది. 4.3, 17 గ్రాముల లెక్క గ్రీసు తూకం, బాక్ట్రియా నాణేలది. హిందూకుష్‌కు ఇవతల యవనులు తూకం తగ్గించారు. పుస్తకంలో 17 అని చూసి తన 9.8 గ్రాముల నాణెం నకిలీ అనుకుంటే పొరపాటు. అరుగుదల బరువును తగ్గిస్తుందే గాని పెంచదు. కనక చిన్నది 2.6 దాటితే అనుమానించాల్సిందే.

తరవాత రాత. రాజు బొమ్మ వైపు గ్రీకు అక్షరాల్లో ‘బసిలేయోస్ సోతేరోస్ మెనాండ్రు’, అంటే రక్షకుడైన మినాండర్ రాజుది అని ఉంటుంది. అవతలి వైపు సాధారణంగా పిడుగు విసురుతున్న అథీనా దేవత, చుట్టూ ఖరోష్ఠిలో ‘మహారజస త్రతరస మెనంద్రస’ అని ఉంటుంది. ఖరోష్ఠి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఆ లిపి తెలియని నకిలీగాడు అక్షరాలను తలకిందులు చేస్తాడు, లేదా గీతల్లా లాగేస్తాడు.

మూడోది అంచు. అసలు నాణేలు అచ్చు మధ్య పెట్టి సుత్తితో కొట్టినవి. అంచు కాస్త పగిలి ఉన్నా కంగారు లేదు, దెబ్బకు అలా చీలుతుంది. పోతపోసినదైతే అంచు చుట్టూ సన్నని అతుకు గీత, భూతద్దంలో గుల్లగుల్లగా చిన్న గుంటలు, అక్షరాల అంచులు కరిగినట్టు మొద్దుగా కనిపిస్తాయి.

నాలుగోది నీళ్ల పరీక్ష. బంగారం కొట్టులోని మిల్లీగ్రాము తూకం కావాలి. పొడి నాణేన్ని తూచి రాసుకోండి. గ్లాసు నీళ్లు త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నదారానికి కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి. 2.400 గ్రాముల నాణేనికి 0.233 వస్తే 10.3, అది వెండి దగ్గర (స్వచ్ఛమైన వెండి 10.5). 0.275 వస్తే 8.7, అది ఇత్తడో జర్మన్ సిల్వరో. అడుగు తగిలితే నాణెం బరువు కూడా గ్లాసు మీద పడి లెక్క తప్పుతుంది. గాలిబుడగ అంటుకుంటే అంకె పెరిగి మంచి వెండి కూడా చవక లోహంలా తేలుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు నీళ్లు కలిపితే బుడగలు పట్టవు. 0.01 గ్రాము చూపే తూకం ఇంత చిన్న నాణేనికి పనికిరాదు. 0.23, 0.24 మధ్య ఒక్క అంకె మారితేనే జవాబు 10.4 నుంచి 10కి పడిపోతుంది. తగరం, సీసం పాళ్లు కుదిర్చి 10 దాటించిన నకిలీలు కూడా చేయొచ్చు. వెండితోనే అచ్చు కొట్టిన నకిలీ ఈ నాలుగూ దాటేస్తుంది. అక్కడి నుంచి నాణేల శాస్త్రం తెలిసినవాళ్ల పని.

దయచేసి చింతపండుతో తోమకండి. నిమ్మకాయ, టూత్‌పేస్టు కూడా వద్దు. పైపొర పోతే కాలం చెప్పే సాక్ష్యం పోతుంది, తిరిగి రాదు. ఇంకొక మాట. ఇలాంటివి పొలం దున్నుతుంటే దొరికితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ ఉన్నది ఏదైనా కలెక్టరుకు తెలపాలి.

ప్రశ్న: సెల్యూకస్ శకం తేదీలు ఒక పుస్తకంలో 148 అనీ, ఇంకోచోట 149 అనీ ఉన్నాయి. ఏది సరైనది?
— విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, చీపురుపల్లి

జవాబు: ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరానికి) 590 కలిపిన చేతికి ఇది కష్టం కాదు. పాత అడంగల్‌లో ఫసలీ 1350 ఉంటే 1940 జూలై నుంచి 1941 జూన్ అని మీకు తెలుసు. సెల్యూకస్ బాబిలోన్‌ను తిరిగి పట్టుకున్న కాలం నుంచి లెక్కించే శకం ఇది. మాసిడోనియా లెక్కలో ఏడాది శరదృతువులో మొదలవుతుంది, తొలి ఏడు క్రీ.పూ. 312 శరత్తు. బాబిలోన్ వాళ్ల ఏడాది వసంతంలో మన ఉగాదికి దగ్గరగా మొదలవుతుంది, వాళ్ల తొలి ఏడు 311 వసంతం. కాబట్టి మాసిడోనియా లెక్కయితే 313లోంచి, బాబిలోన్ లెక్కయితే 312లోంచి శక సంవత్సరం తీసేయండి. ఏడాది మొదలైన క్రీ.పూ. సంవత్సరం వస్తుంది.

మీరడిగిన ఉదాహరణ నాలుగో ఆంటియోకస్ మరణమై ఉంటుంది. బాబిలోన్ మట్టిపలక ప్రకారం ఆ వార్త అక్కడికి చేరింది 148వ ఏడు కిస్లీము నెలలో, అంటే క్రీ.పూ. 164 నవంబరు–డిసెంబరు. యూదుల చరిత్ర చెప్పే మక్కబీయుల మొదటి గ్రంథం 149 అంటుంది. 312లోంచి 148 తీసినా, 313లోంచి 149 తీసినా 164 వస్తుంది. రెండూ సరైనవే. నాణేల మీద మాత్రం అంకెల బదులు గ్రీకు అక్షరాలుంటాయి. బీటా 2, క్సీ 60, రో 100 వరసగా ఉంటే 162, ఒకట్ల స్థానం ముందు. మన ‘అంకానాం వామతో గతిః’ (అంకెల నడక ఎడమవైపుకు) తెలిసినవాళ్లకు ఇది అలవాటైన దారే.

ప్రశ్న: చంద్రగుప్తుడు సెల్యూకస్‌కు ఇచ్చిన 500 ఏనుగులు కళింగవేనా?
— ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: అలా చెప్పే ఆధారం లేదు. అప్పటికి కళింగ మౌర్యుల చేతిలోనే లేదు. క్రీ.పూ. 303 ప్రాంతపు ఒప్పందంలో సింధు అవతలి ప్రాంతాలకు బదులుగా ఆ ఏనుగులు వెళ్లాయి. 301లో ఇప్సస్ యుద్ధంలో సెల్యూకస్ వైపు 400 ఉన్నాయని ప్లూటార్క్, 480 అని డయొడోరస్ రాశారు. ఎదుటి ఆంటిగోనస్ (పైన చెప్పిన గొనాటస్‌కు తాత) దగ్గర 75. ఆ ఏనుగులు అడ్డుగా నిలబడటంతో, తరుముతూ వెళ్లిన ఆంటిగోనస్ కొడుకు గుర్రపు దండు వెనక్కి వచ్చి తండ్రిని కాపాడలేకపోయింది. కళింగ ఏనుగుల మాట కావాలంటే రోమన్ రచయిత ప్లినీ దగ్గర ఉంది. కళింగ రాజును 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు కాపలా కాసేవని రాశాడు.

ప్రశ్న: చివరి యవన పాలకురాలు క్లియోపాత్రాయేనా? కళింగ తీరం ఊళ్లు రాసిన టాలెమీ ఆమె వంశంవాడేనా?
— ఒక గృహిణి, నెల్లిమర్ల

జవాబు: రెండింటికీ కాదనే జవాబు. మాసిడోనియా క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర ఓడింది, సెల్యూకస్ వంశం 64లో, ఈజిప్టు 30లో పోయాయి. కానీ తూర్పు పంజాబులో స్ట్రాటో పేరుతో యవన రాజుల నాణేలు క్రీ.శ. 10 ప్రాంతం దాకా పడ్డాయి. భూగోళం రాసిన టాలెమీ క్రీ.శ. రెండో శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు, రాజవంశంతో పేరు తప్ప సంబంధం లేదు.