ఎడ్యుకేషన్ లోన్ నడుస్తుండంగ పెళ్లి ఖర్చు ఎట్ల వేసుకోవాలె: మా ఇంట్ల రెండు పెళ్లిళ్ల లెక్క

చెల్లె, నీ ప్రశ్న చదివినంక రాయకుండ ఉండలేకపోయిన. నువ్వు చెప్పింది ఇది: నల్లగొండ దగ్గర ఊరు, హైదరాబాద్‌ల జాబ్, చేతికి 32 వేలు, ఎడ్యుకేషన్ లోన్ మిత్తితో కలిసి 9 లక్షలైంది, జనవరి నుంచి ఈఎంఐ మొదలు, ఇంట్లోళ్లు మాఘంల పెళ్లి అంటున్నరు, 14 లక్షల బడ్జెట్, అందుల 5 లక్షలు నాయిన ఊర్ల రెండు రూపాయల మిత్తికి తెస్తా అంటున్నడు, అబ్బాయి వాళ్లకు లోన్ సంగతి ఇంకా చెప్పలే.

ముందుగాల ఒక్కటి చెప్తా. ఆ 5 లక్షలు తేనియ్యకు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 10 వేలు మిత్తికే పోతది, ఏడాదికి 24 శాతం. నీ 9 లక్షల లోన్ 10 శాతం మీద పదేండ్లకు వేస్కుంటే ఈఎంఐ 11,900 దగ్గర పడ్తది. రెండూ కలిపితే 21,900, నీ చేతిల మిగిలేది 10,100. హైదరాబాద్‌ల హాస్టల్ ఫీజు, బస్ ఛార్జీలు, తిండి దాంట్లనే. మిత్తి నాయిన కడ్తా అంటడు చూడు, మా నాయిన కూడా అట్లనే అన్నడు.

నాది దేవరకొండ దిక్కు. 2013ల బీటెక్‌ల చేరిన, ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేండ్లకు 6 లక్షల లోన్, నాయిన కో-బారోవర్, అంటే నాతోపాటు ఆ అప్పుకు జవాబుదారి. చదువు అయిపోయినంక ఇంకో ఏడాది దాకా కట్టే పని లేదన్నరు, మేము దాన్ని మిత్తి కూడా లేదన్నట్టు అర్థం చేస్కున్నం. పైసలు కాలేజీకి పోయిన రోజు నుంచే మిత్తి నడుస్తది, కట్టకపోతే ఈఎంఐ మొదలయ్యే రోజు అదంత అసల్ల కలుస్తది. 2018ల స్టేట్‌మెంట్ తీసి చూస్తే 8 లక్షల 10 వేలు. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఆ చదువుకునే కాలం మిత్తి కేంద్రం కట్టే స్కీం ఒకటి ఉందని, దానికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెట్టాలని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలే. నీకు తమ్ముడో చెల్లెనో చదువుకునేటోళ్లు ఉంటే బ్యాంకుల అది ఇప్పుడే అడుగుమను, చదువు అయినంక అడిగితే లాభం లేదు.

2019 వైశాఖంల నా పెళ్లి. సంబంధం మాట్లాడేటప్పుడు లోన్ సంగతి చెప్దామని నేనన్న, పెదనాయిన ఒప్పుకోలే, "ఎనిమిది లక్షల అప్పున్న పిల్ల అంటే ఎవడొస్తడు బిడ్డా, పెళ్లైనంక మెల్లగ చెప్పుకుందాం" అన్నడు. నేను గట్టిగ మాట్లాడలే. అప్పు లేనోళ్ల లెక్క కనపడాలె కాబట్టి నల్లగొండల ఫంక్షన్ హాల్, 1,200 మందికి వంట, రాత్రి బారాత్‌కు డీజే, అన్నీ పెద్దగనే చేసిండ్రు. వచ్చింది 850 మంది. సాయంత్రం అప్పగింతలకు ముందు చెయ్యి కడుక్కుందామని వంటశాల దిక్కు పోయిన, మూడు గంగాళాల నిండ బగారా అన్నం మూతలు కూడా తియ్యకుండ ఉంది, మా మేనమామ ఆటో పిలిపించి ఎక్కిస్తుండు, పక్క తండాల పంచడానికి. అది వండిన పైసలు రెండు రూపాయల మిత్తివి. నాకు ఆ గంగాళాలు ఇప్పటికీ కండ్ల ముందట కనపడ్తయి.

మొత్తం 9 లక్షలైంది, అందుల 4 లక్షలు ఊరి అప్పు. ఇంకోటి, వైశాఖంల పెళ్లి చేస్తే నెల తిరగకముందే మిరుగం (మృగశిర కార్తె) వస్తది, పత్తి గింజలు కావాలె, డీఏపీ బస్తాలు కావాలె, చేతిల రూపాయి ఉండదు. నాయిన మళ్ల 60 వేలు తెచ్చిండు. నా జీతం అప్పుడు 22 వేలు, ఊరి మిత్తికి నెలకు 8 వేలు పంపిస్తూ కొత్త కాపురం ఖర్చులల్ల ఈఎంఐ రెండు నెలలు దాటిపోయింది.

శ్రావణ శుక్రవారం నాడు గడపకు పసుపు పెడుతున్న, ఫోన్ మోగింది, చేతులకు పసుపు ఉందని స్పీకర్‌ల పెట్టిన. బ్యాంకు వాళ్లు. లోన్ నంబరు, కట్టాల్సిన మొత్తం, మీ నాన్న ఫోన్ ఎత్తుతలేడు, అన్నీ అత్తమ్మ వినంగనే చెప్పిండ్రు. అత్తమ్మ ఒక్క మాట గట్టిగ అనలే. "చదువుకు అప్పు ఉంటే ఉండె బిడ్డా, మాకెందుకు చెప్పలే?" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా ఆయన వారం రోజులు సరిగ్గ మాట్లాడలే. లోన్ తీర్చుడు కన్నా ఆ నమ్మకం మళ్ల తెచ్చుకునుడే నాకు ఎక్కువ కాలం పట్టింది.

సిబిల్, అంటే అప్పులు సరిగ్గ కడ్తున్నమా లేదా చూపే స్కోరు, నా ఒక్కదానిదే కాదు, నాయినది కూడా పడ్డది, కో-బారోవర్ కదా. ఇది మందికి ఎరుక ఉండదు. 2020ల కరోనా టైంల ఆర్‌బీఐ మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇస్తే ఈఎంఐ ఆపుకున్నం, జర ఊపిరి పీల్చుకున్నం కానీ బ్యాంకు మిత్తి ఆగలే, ఊరి మిత్తికైతే మారటోరియమే లేదు. మొత్తం 24 నెలలు నెలకు 8 వేలు చొప్పున కట్టినం, 1,92,000. అసలు 4 లక్షలు అట్లనే ఉంది. చివరికి చిట్టీ ఎత్తి, పత్తి అమ్మి తీర్చినం.

అందుకే మా చెల్లె పెళ్లి వేరే తీరుగ చేసినం, 2023 మాఘంల. దానికి 4 లక్షల లోన్, ఈఎంఐ 5,300, జీతం 24 వేలు. పూలు పండ్లు పెట్టుకోకముందే మా ఆయన మా నాయిన పక్కన కూసుని అబ్బాయి వాళ్లకు చెప్పిండు, "పిల్ల చదువు అప్పు ఇంత ఉంది, ఇది పిల్ల జీతంల నుంచే పోతది, ఇంకా ఎనిమిదేండ్లు, పెళ్లైనంక కూడా అట్లనే" అని. మొదటి సంబంధం వాళ్లు అయితే కట్నం కింద బండి పెట్టుమన్నరు. కట్నం అడుగుడు 1961 నుంచి నేరం, అది అందరికీ ఎరుకనే, అయినా అడుగుతరు. నాయిన వద్దనుకున్నడు. రెండో వాళ్లు ఇంటికి పోయి రెండు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేసిండ్రు, మా పిలగానికి కూడా హౌసింగ్ లోన్ ఉంది, రెండు లెక్కలు ముందట పెట్టుకుని మాట్లాడుకుందాం అని. ఆ రోజు మా అమ్మ ఏడ్చింది.

పెళ్లి ఇంటి ముందట పందిరేసి చేసినం, పొద్దుటి ముహూర్తం, ఒక్క పూట భోజనం, 450 మంది. పెద్దోళ్లకు కార్డులు, మిగతోళ్లకు ఫోన్లనే పత్రిక. డీజే బదులు డప్పులు. చెల్లె పెళ్లి చీర గద్వాల, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు నారాయణపేటకు పోయి తెచ్చినం. కుమ్మరోళ్ల ఇంటికి పోయి ఐరేని కుండలు తెచ్చేటప్పుడు మాత్రం వాడకట్టు ఆడోళ్లంత పాటలు పాడుకుంట వచ్చిండ్రు, ఫంక్షన్ హాల్ పెళ్లిల నాకు అది దొరకలే, ఎందుకంటే నా కుండలు ఆటోల వచ్చినయి. మొత్తం 6 లక్షల 20 వేలు: పత్తి పైసలు 2 లక్షల 40 వేలు, చిట్టీ 2 లక్షలు, నేనూ చెల్లే కలిసి బ్యాంకుల నెలనెలా వేసిన ఆర్డీ లక్షా 80 వేలు. అప్పు లేదు. మాఘం అంటే పంట అమ్మిన పైసలు ఇంట్ల ఉండే కాలం, మీది కూడా మాఘమే కాబట్టి ఆ ఒక్కటి నీకు కలిసొచ్చింది.

ఇగ నీ సంగతి. పెళ్లి కోసం ఒక్క చీర కొనకముందే మూడు ఈఎంఐల పైసలు, 36 వేలు, వేరే అకౌంట్ల పెట్టు, ఆటో డెబిట్ దానికే పెట్టించు. పెళ్లి నెలల జీతం ఎటు పోతదో తెల్వదు, సెలవులు పెడితే కట్ అయితది, ఆ మూడు నెలలు గట్టెక్కాలె. తర్వాత జనవరి రాకముందే బ్రాంచికి పోయి గడువు పదేండ్లు కాకుండ పదిహేనేండ్లు చేస్తరేమో అడుగు, అదే 10 శాతం మీద 9,700 లోపల పడ్తది, నెలకు రెండు వేల పైన తగ్గుతది. మొత్తం మీద మిత్తి ఎక్కువ కట్టాల్సి వస్తది, అది నిజమే, కానీ చేతికి పైసలొచ్చినప్పుడు ముందే కట్టేయొచ్చు, ఫ్లోటింగ్ రేట్ (మిత్తి రేటు మారుతుండే) లోన్ అయితే దానికి ఎక్స్‌ట్రా ఛార్జ్ ఉండదు, నీ సాంక్షన్ లెటర్‌ల ఏం రాసుందో ఒకసారి చూస్కో. ఎడ్యుకేషన్ లోన్ మిత్తికి 80ఇ సెక్షన్ కింద ట్యాక్స్ మిగుల్తదని ఎవరన్నా చెప్తే పట్టించుకోకు, నీ జీతానికి అసలు ట్యాక్సే పడదు.

ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 వస్తదని మీ వాళ్లు లెక్కల వేసిండ్రా? ఇంటి ఆదాయం సర్కారు పెట్టిన హద్దు లోపు ఉండాలె, ఆ హద్దు ఎంతో, నీ జీతం కూడా చూస్తరేమో మీసేవల అడుగు. వచ్చేదైనా సరే బడ్జెట్ల రాయొద్దు, ఎందుకంటే చెక్కు పెళ్లైనంక ఎన్నో నెలలకు వస్తది, టెంట్ హౌస్ వాడు అన్ని రోజులు ఆగడు. చదివింపులు కూడా అంతే. మా అమ్మ దగ్గర నా పెళ్లి చదివింపుల నోట్‌బుక్ ఇప్పటికీ బీరువాల ఉంది, ఎవరి ఇంట్ల ఫంక్షన్ అయినా అది తీసి చూసి, వాళ్లు పెట్టినదానికి ఇంకో వంద కలిపి పెడ్తది. అది ఆదాయం ఎట్లయితది? తిరిగి కట్టాల్సిన బాకీ.

14 లక్షలల్ల బంగారం ఎంత ఉందో నువ్వు రాయలే. తులం లక్ష దాటిన ఈ రోజుల్ల కొత్తది నాలుగైదు తులాలు అంటేనే బడ్జెట్ల పెద్ద వాటా పోతది, పైన తరుగు, మజూరి, జీఎస్టీ. అమ్మది పాతది ఏమన్నా ఉంటే మార్పించకుండ అట్లనే మెరుగు పెట్టించుకుని వేస్కో. నేను నా పెళ్లికి చేయించుకున్న హారం ఒక్కసారి వేస్కున్న, తర్వాత అది బ్యాంకుల కుదువనే ఉంది, ఊరి అప్పు మిత్తి కట్టడానికి. ఆ గోల్డ్ లోన్ మిత్తి ఊరి మిత్తిల సగం కూడా లేదు, పెళ్లికి ఎంత కుదించినా ఇంకా లక్షో రెండు లక్షలో తక్కువ పడితే అదొక్కటే ఒప్పుకో, ఏడాదిలోపల విడిపించేటంత మాత్రమే. భూమి అమ్ముతా అంటే మాత్రం అడ్డం పడు, ఇరవై గుంటలైనా సరే, మళ్ల కొనలేరు.

గెస్టుల లిస్టు నువ్వే కూసుని రాయి. ఊరంత పిలవాలె అని నాయిన అంటడు, పిలవనీయి, కానీ వంటకు చెప్పేటప్పుడు ఇంటికి ఇద్దరు అని లెక్కేసి చెప్పు, ఇంటిల్లిపాదికి చెప్పొద్దు.

అబ్బాయికి నువ్వే చెప్పు చెల్లె, ఈ వారమే. పెద్దోళ్ల కంటె ముందు నీ నోటి నుంచే తెలవాలె. నిశ్చితార్థం అయినంక చెప్తే దాచినట్టే అయితది. అతను వద్దంటే బాధ ఉంటది, నాకు ఎరుకే, కానీ ఇప్పుడు ఆగితే మీ నాయినకు ఒక్క రూపాయి ఖర్చు కాదు.

నాయినతోని మాట్లాడేటప్పుడు ఫోన్ల మాట్లాడకు. శనివారం ఊరికి పోయి, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీస్కపోయి, అన్నం తిన్నంక ముందట పెట్టి చదివి వినిపించు, పక్కనే ఒక తెల్ల కాయితం మీద 11,900, దాని కింద 10,000, మొత్తం 21,900 అని ఆయన చేతనే రాయించు. మా చెల్లె పెళ్లప్పుడు మా నాయిన అట్ల రాసి, కాసేపు ఏం మాట్లాడకుండ ఉండి, ఫంక్షన్ హాల్ వానికి ఫోన్ చేసి అడ్వాన్స్ ఇయ్యట్లేదని చెప్పిండు.

నీ లోన్ మిత్తి రేటు ఎంతుంది, పొలం ఎంత, చిట్టీలు ఏమన్నా ఉన్నయా రాయి, లెక్క వేసి పెడ్తా.