ఇంటి వ్యాపారానికి లెక్కల సాఫ్ట్‌వేర్ ఏది?

ప్రశ్న: ఇంట్లోనే సంచులు కుట్టి ఆర్డర్ల మీద అమ్ముతున్నానండీ. లెక్కలు నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను గానీ ఎవరు ఎంత బాకీయో గుర్తుండట్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?

జవాబు: అప్పుడే కొనకండి. నెలకి పదో ఇరవయ్యో బిల్లులైతే ఎక్సెల్ షీట్ చాలు. కానీ మీ అసలు తలనొప్పి బాకీలు కాబట్టి, ఇన్వాయిస్ (బిల్లు) రాయగానే బాకీల పద్దులో చేరి, డబ్బు పడ్డాక అందులోంచి తీసేసే సాఫ్ట్‌వేర్ అయితే మేలు. గ్నూక్యాష్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, బ్యాంకు లావాదేవీలను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టిక) ఎక్కించుకోవచ్చు. కాకపోతే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో చూపించే పద్ధతి, మొదట్లో విసుగొస్తుంది. నెలనెలా చందా కట్టే ఆన్‌లైన్‌వి తేలికే, కానీ చందా ఆపేస్తే మీ లెక్కలు బయటికి తీసుకోగలరో లేదో ముందే చూసుకోండి, చాలామంది ఇదే మర్చిపోతారు.

ఏది తీసుకోవాలన్నా ముందు ట్రయల్ చూడండి. అందులో ఉత్తుత్తి అంకెలు కాదు, పోయిన నెల మీ బిల్లులే ఎక్కించండి. సగం అడ్వాన్సు ఇచ్చినవాళ్ల లెక్క, జిప్పు ఊడిందని సంచి వెనక్కి పంపినవాళ్ల లెక్క అందులో సరిగ్గా కూర్చుంటే అదే తీసుకోండి. ఇంటి ఖర్చులకీ ఇదే బ్యాంకు ఖాతా వాడుతుంటే మాత్రం ముందు అది విడదీయండి, లేకపోతే ఏ సాఫ్ట్‌వేరుతోనైనా టెన్షనే. నోట్‌బుక్కు అప్పుడే పారేయొద్దు, ఒక నెల రెండింట్లోనూ రాయండి.