పాత స్లైడ్లు, నెగెటివ్‌లు స్కాన్ చేద్దామంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒక్క విషయం మీదే. ఇంట్లో డబ్బాల నిండా ఫిల్మ్ ఉంది, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అంటున్నారు. ఒకేలా ఉన్నవి కలిపి జవాబులు రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. స్కాన్ చేసేటప్పుడు బొమ్మని అందంగా చేసే పని పెట్టుకోకండి. ఫిల్మ్‌లో ఏముందో అదంతా ఫైల్‌లోకి రావాలి, అంతే. రంగులు దిద్దడం, పదును పెంచడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. స్కాన్‌లో పోయిన వివరం మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

ప్రశ్న: మా నాన్నగారు తీసిన స్లైడ్లు వందల్లో ఉన్నాయి, నెగెటివ్‌లు కూడా ఉన్నాయి. నా దగ్గర కాగితాలు స్కాన్ చేసే మామూలు స్కానర్ ఉంది. అది చాలా? కొత్తది కొంటే 6400 డీపీఐ ఉన్నదే కొనాలా?

మామూలు స్కానర్ చాలదండీ. అది కాగితం మీద వెలుగు వేసి తిరిగొచ్చే వెలుగుని చదువుతుంది. ఫిల్మ్‌కి వెలుగు వెనక నుంచి రావాలి. అందుకే ఫిల్మ్‌కి పనికొచ్చే ఫ్లాట్‌బెడ్‌కి (గాజు పలక మీద పరిచి స్కాన్ చేసే రకం) మూతలో కూడా ఒక దీపం ఉంటుంది, ఫిల్మ్ పెట్టడానికి హోల్డర్లు కూడా ఇస్తారు. ఈ రెండూ లేనిది కొనకండి.

ఇక డీపీఐ, అంటే ఒక అంగుళంలో స్కానర్ చదివే చుక్కల లెక్క. 35 ఎంఎం ఫ్రేమ్ అంటే 24 × 36 మిల్లీమీటర్లు, చాలా చిన్నది. దాన్ని 2400 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 3400 × 2270 పిక్సెళ్లు వస్తాయి, అంటే 7.7 మెగాపిక్సెళ్లు. 3200లో అయితే 13.7, 4000లో అయితే 21 పైచిలుకు. 3200 డీపీఐ నిజంగా దక్కితే 10 × 15 అంగుళాల ప్రింట్ హాయిగా వేసుకోవచ్చు. ఇక్కడ 'నిజంగా' అన్నదే అసలు సంగతి. ఫ్లాట్‌బెడ్ పెట్టె మీద 6400 అని రాసి ఉన్నా, లెన్స్, ఫోకస్ పరిమితుల వల్ల అందులో సగం వివరం కూడా దక్కదు, ఫైల్ మాత్రం బోలెడంత పెద్దదవుతుంది. కాబట్టి ఫ్లాట్‌బెడ్‌లో 2400 లేదా 3200 దగ్గర ఆగిపోండి. 120 లాంటి పెద్ద ఫిల్మ్ ఉన్నవాళ్లకి ఫ్లాట్‌బెడ్ బాగానే సరిపోతుంది. 35 ఎంఎం స్లైడ్లే ఎక్కువైతే మాత్రం ఫిల్మ్ కోసమే చేసిన స్కానర్ చూడమంటాను. ఎందుకంటే స్లైడ్‌లో నల్లని చోట్లు చాలా చిక్కగా ఉంటాయి, ఆ నీడల్లోని వివరాన్ని ఫ్లాట్‌బెడ్ తేలిగ్గా వదిలేస్తుంది.

అలాంటి ఫిల్మ్ స్కానర్లలో ప్లస్‌టెక్ 8100, 8200ఐ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ రెండోదాంట్లోనే దుమ్ముని కనిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ ఉంది, కొనేముందు అది గుర్తుంచుకోండి. వాటిలో ఫ్రేములు చేత్తో ఒక్కొక్కటే జరుపుకోవాలి, ఓపిక కావాలి. నికాన్ కూల్‌స్కాన్‌లు చాలా మంచివి కానీ ఇప్పుడు తయారీ లేదు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఏ కేబుల్ కావాలో ముందు కనుక్కోండి. 4000, 8000, 9000 మోడళ్లకి కంప్యూటర్‌లో ఫైర్‌వైర్ అనే పాత రకం పోర్టు ఉండాలి, 5000కి యూఎస్‌బీ చాలు. కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో మొరాయిస్తుంది, అప్పుడు వ్యూస్కాన్ లేదా సిల్వర్‌ఫాస్ట్ అనే వేరే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ వాడుకోవాలి.

ప్రశ్న: కలర్ నెగెటివ్ స్కాన్ చేసి రంగులు తిరగేస్తే అంతా నీలంగా వస్తోంది. నెగెటివ్ పాడైపోయిందా?

పాడవలేదు, కంగారు పడకండి. కలర్ నెగెటివ్ పట్టుకుని చూస్తే ఖాళీ అంచు కూడా నారింజ రంగులో ఉంటుంది కదా, అది కావాలని పెట్టిందే. ఫిల్మ్‌లోని సయాన్, మెజెంటా రంగులు పూర్తిగా స్వచ్ఛమైనవి కావు, తాము ఆపకూడని వెలుగుని కూడా కొంత ఆపుతాయి. ఆ లోపాన్ని సరిచేయడానికే ఈ నారింజ పొర. ప్రింట్ కాగితం దీన్ని లెక్కలో పెట్టుకునే తయారైంది, మీ కంప్యూటర్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు. ఉత్తినే తిరగేస్తే నారింజకి ఎదురు రంగు నీలం కాబట్టి బొమ్మంతా నీలంగా మారుతుంది.

చేయాల్సింది ఇది. స్కాన్‌లో బొమ్మతో పాటు ఖాళీ అంచు కూడా కాస్త పడేలా చూడండి. తిరగేయడానికి ముందే ఆ అంచు మీద వైట్ బ్యాలెన్స్ తీసుకోండి, నారింజ పోయి తెల్లబడుతుంది. అప్పుడు తిరగేయండి. తర్వాత ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా తీసుకుని, హిస్టోగ్రామ్ (వెలుగునీడలు చూపే గ్రాఫ్) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అక్కడికి రెండు కొసలూ జరపండి. మూడూ కలిపి ఒకేసారి జరిపితే రంగు కుదరదు, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో నెగాడాక్టర్ అనే భాగం ఇదే పని చేస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకి ఇదే పని చేసే నెగెటివ్ ల్యాబ్ ప్రో అనే ప్లగిన్ ఉంది. ఏది వాడినా 16 బిట్‌లో, అంటే రంగుల మెట్లు ఎక్కువగా ఉండే సెట్టింగ్‌లో, స్కాన్ చేయండి. నెగెటివ్‌లో బొమ్మ మొత్తం చిన్న పరిధిలో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని సాగదీసినప్పుడు 8 బిట్ అయితే ఆకాశం లాంటి చోట్ల చారలు పడతాయి.

ప్రశ్న: దుమ్ము పోగొట్టే ఐస్ ఆప్షన్ కలర్ స్లైడ్లకి అద్భుతంగా పనిచేసింది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకి పెడితే ముఖాలు అలుక్కుపోయాయి. స్కానర్ లోపమా?

స్కానర్ లోపం కాదు, ఆ పద్ధతి అంతే. ఐస్ అంటే స్కానర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో ఇంకోసారి ఫిల్మ్‌ని చూడటం. కలర్ ఫిల్మ్‌లో బొమ్మ రంగులతో ఏర్పడుతుంది, ఆ రంగుల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు సాఫీగా వెళ్లిపోతుంది. దుమ్ము, గీతలు దాన్ని అడ్డుకుంటాయి. అడ్డుపడ్డ చోటల్లా దుమ్మే అనుకుని స్కానర్ చుట్టుపక్కల రంగుతో పూడుస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి రేణువులు, అవీ ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తాయి, కాబట్టి అది బొమ్మనే దుమ్ము అనుకుంటుంది. ఆఫ్ చేసేయండి. ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 లాంటివి బ్లాక్ అండ్ వైటే అయినా కలర్ పద్ధతిలో కడిగేవి, వాటికి పనిచేస్తుంది. కోడాక్రోమ్ స్లైడ్లతో కూడా జాగ్రత్త, కొన్ని స్కానర్లలో సన్నటి వివరాలు చెడతాయి. మౌంట్ (స్లైడ్ చుట్టూ ఉండే చట్రం) మీద పేరు చూసి, ఒక స్లైడ్‌ని ఆన్‌లో, ఆఫ్‌లో రెండు రకాలుగా తీసి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

ప్రశ్న: స్కానర్ కొనే ఉద్దేశం లేదు, 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఉంది. దాంతో ఫిల్మ్‌ని ఫొటో తీస్తే సరిపోతుందా?

సరిపోవడమే కాదు, వందల్లో స్లైడ్లు ఉంటే నేనైతే ఇదే మేలంటాను. ఫిల్మ్ స్కానర్ ఒక ఫ్రేమ్‌కి నిమిషాలు తీసుకుంటుంది, కెమెరా అన్నీ అమర్చాక సెకన్లలో తీసేస్తుంది. 35 ఎంఎం ఫ్రేమ్ నిండుగా పట్టేలా తీస్తే 6000 × 4000 పిక్సెళ్లు వస్తాయి, 4200 డీపీఐ స్కాన్‌తో సమానం. దీనికి మాక్రో లెన్స్ కావాలి, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 1:1 దాకా, అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేదాకా, వెళ్లేది. ఇందులో బేరం లేదు, మామూలు జూమ్ లెన్స్‌తో అంచులు మసకబారతాయి.

వెలుగు విషయంలో కక్కుర్తి పడకండి. చవక ఎల్ఈడీ ప్యానెళ్లలో కొన్ని రంగులు, ముఖ్యంగా ఎరుపులు, సరిగ్గా ఉండవు. తర్వాత ఎంత దిద్దినా చర్మం రంగు కుదరక విసుగొస్తుంది. సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది తీసుకోండి. ఫిల్మ్‌ని ప్యానెల్ మీద నేరుగా ఆనించకుండా కాస్త ఎత్తులో పెట్టండి, ప్యానెల్ మీది దుమ్ము ఫోకస్‌లోకి రాదు. ఫ్రేమ్ చుట్టూ వెలుగు కనిపించే చోటంతా నల్ల కాగితంతో మూసేయండి, గదిలో లైట్లు ఆర్పేయండి. లేకపోతే ఆ వెలుగు లెన్స్‌లోకి దూరి నల్లని భాగాలు బూడిద రంగులోకి వస్తాయి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది కెమెరా, ఫిల్మ్ సమానాంతరంగా ఉండటం. కాస్త వంగినా ఒక మూల పదునుగా, ఇంకో మూల మసకగా వస్తుంది. చిన్న అద్దం ముక్కని ఫిల్మ్ ఉండాల్సిన చోట పరిచి కెమెరాలోంచి చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో కనిపిస్తే నిటారుగా ఉన్నట్టే. ఎపర్చర్ ఎఫ్8 దగ్గర, తక్కువ ఐఎస్ఓలో, టైమర్ పెట్టి, రా ఫైల్‌గా (కెమెరా సెన్సర్ చదివిందంతా ఉండే ఫైల్) తీయండి. ఫోకస్ చేత్తోనే, స్క్రీన్ మీద బాగా పెద్దది చేసుకుని, ఫిల్మ్ రేణువుల మీద పెట్టండి. నెగెటివ్‌లకైతే ఖాళీ అంచు మరీ తెల్లబడి వివరం పోకుండా ఒకసారి ఎక్స్‌పోజర్ లెక్కగట్టి, రోల్ అంతటికీ అదే ఉంచండి, రంగులు దిద్దేటప్పుడు పని చాలా తగ్గుతుంది. స్లైడ్లలో తెల్లని చోట్లు పోకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: ఫోన్‌తో తీయొచ్చా?

డబ్బాలో ఏ బొమ్మలున్నాయో చూసుకోవడానికి తీయొచ్చు, దాచుకోవడానికి వద్దు. ఇంకో ఫోన్ తెరని వెలుగుగా వాడితే ఆ తెర పిక్సెళ్లు గళ్లలా పడతాయి, మధ్యలో పాల రంగు ప్లాస్టిక్ పలక పెట్టి ఫిల్మ్‌ని రెండు మూడు సెంటీమీటర్లు పైకెత్తండి.

ప్రశ్న: కొన్ని స్లైడ్ల మీద సాలెగూడులా బూజు పట్టింది. ఒక డబ్బా తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది. తడి గుడ్డతో తుడవనా?

దయచేసి నీళ్లు తగలనివ్వకండి. బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. బూజు ఆ జెలటిన్‌ని తిని, నీళ్లలో కరిగిపోయే స్థితికి తెస్తుంది. తడి గుడ్డతో రుద్దితే బూజుతో పాటు బొమ్మా వస్తుంది. ముందు చేత్తో నొక్కే గాలి బ్లోయర్, తర్వాత మెత్తని యాంటీస్టాటిక్ బ్రష్. నోటితో ఊదకండి, తుంపరలు పడతాయి. అప్పటికీ పోకపోతే ఫిల్మ్ కోసమే అమ్మే క్లీనర్ గానీ 98 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, అక్కర్లేని ఒక స్లైడ్ మూలన పరీక్షించాకే వాడండి. బూజు లోపలికంటా తినేసి ఉంటే ఆగిపోండి, అలాగే స్కాన్ చేసి కంప్యూటర్‌లో దిద్దుకోవడం క్షేమం. బూజు పట్టినవాటిని మంచివాటికి దూరంగా పెట్టండి.

పుల్లటి వాసన వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానిది. పాత ఎసిటేట్ ఫిల్మ్ పునాది (బొమ్మ పొర కింద ఉండే ప్లాస్టిక్) రసాయనికంగా విరిగిపోతూ దాన్ని వదులుతోంది, ఆ ఆమ్లమే మళ్లీ విరగడాన్ని వేగం చేస్తుంది, పక్కనున్న ఫిల్మ్‌కీ అంటిస్తుంది. దీన్ని వెనక్కి తిప్పే దారి లేదు, చల్లగా పొడిగా ఉంచి నెమ్మదింపజేయగలం అంతే. ఆ డబ్బాని ఈరోజే వేరే చోట పెట్టండి, స్కానింగ్ దాంతోనే మొదలుపెట్టండి. ఫిల్మ్ ముడుచుకుపోయాక హోల్డర్‌లో కూర్చోదు, ఫోకస్ కుదరదు. మామూలుగా చుట్టుకుపోయిన ఫిల్మ్ అయితే శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద కొన్నాళ్లు ఉంచితే చాలావరకు సాఫవుతుంది. చదునుగా ఉండాలని గాజు పలకకి నొక్కితే ఇంద్రధనుస్సులాంటి వలయాలు, న్యూటన్ రింగులు, పడతాయి. యాంటీ న్యూటన్ గాజు విడిగా అమ్ముతారు. చాలా పాత ఫిల్మ్ అయితే అంచు మీద 'సేఫ్టీ' అన్న ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. 'నైట్రేట్' అని ఉంటే అది తేలిగ్గా అంటుకునే రకం, దీపాల వేడికి దగ్గరగా తీసుకెళ్లకండి, ఫిల్మ్ భద్రపరిచే నిపుణులని సంప్రదించండి.

ప్రశ్న: స్కాన్లు ఏ రూపంలో దాచాలి? అన్నీ అయిపోయాక స్లైడ్లు పారేయొచ్చా? ఇంట్లో చోటు లేదని ఒత్తిడి చేస్తున్నారు.

అసలు ప్రతిగా 16 బిట్ టిఫ్ (వివరం పోగొట్టకుండా దాచే ఫైల్ రకం) ఉంచండి. కెమెరాతో తీస్తే రా ఫైలే అసలు ప్రతి. దానికి పదును పెంచడం, రేణువులు తగ్గించడం ఏవీ వద్దు, స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఇవి తమంతట తామే ఆన్ అయి ఉంటాయి, వెతికి ఆపండి. 4000 డీపీఐలో ఒక్కో ఫ్రేమ్ 128 ఎంబీ దాకా వస్తుంది, వెయ్యి స్లైడ్లంటే 128 జీబీ, ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. చుట్టాలకి పంపడానికి దాని నుంచి జేపెగ్ విడిగా చేసుకోండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి.

స్లైడ్ స్కాన్ చేసేటప్పుడే మౌంట్‌ని కూడా ఫోన్‌తో ఫొటో తీసి అదే నంబర్‌తో దాచండి. దాని మీద చేతిరాత ఉంటుంది, కొన్నిటి మీద నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. అది కడిగిన తేదీ, బొమ్మ తీసింది అంతకు చాలా ముందే కావచ్చు. స్కాన్ ఫైల్‌లో కంప్యూటర్ వేసే తేదీ మీరు స్కాన్ చేసిన రోజుది కాబట్టి, తీసిన సంవత్సరాన్ని ఫైల్ పేరులో రాసుకోండి, ఊహ అయితే 'సుమారు' అని కూడా చేర్చండి. ఆ బొమ్మలు తీసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరో అడిగి కాప్షన్లు ఫైల్‌లోనే రాసేయండి. వాళ్లు తప్ప ఆ పేర్లు చెప్పగలిగేవాళ్లు ఇంకెవరూ లేకపోవచ్చు.

స్లైడ్లు పారేయొద్దు. ఇప్పుడు మీరు తీసింది మీ దగ్గరున్న పరికరానికి సాధ్యమైనంత మాత్రమే, రేపు ఇంకా మంచి పరికరం వస్తే మళ్లీ తీసుకోవచ్చు. ఫైల్ చెడినా ఫిల్మ్ ఉంటుంది. చోటు సమస్యైతే మసకబారినవి, ఒకేలాంటివి నాలుగైదు ఉన్నవి తీసేయండి. మిగతావి పీవీసీ లేని పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టి, వేడెక్కే అటక మీదా తేమ ఎక్కే నేల మీదా కాకుండా, బట్టల అలమర మధ్య అరలో పెట్టుకోండి. వెయ్యి స్లైడ్లు ఇలా సర్దితే రెండు మూడు కాగితాల ఫైళ్లంత చోటులో పడతాయి, ఇంట్లోవాళ్లకి అది చూపించి ఒప్పించండి.