ప్రాజెక్టు కొనాలా, చెయ్యాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రాజెక్టులు, థీసిస్‌ల గురించే. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నల్లగొండలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) ఫైనలియర్ చదువుతున్నా సార్. మాది మర్రిగూడ మండలం. మా బ్యాచ్‌లో చాలామంది అమీర్‌పేటకు పోయి ప్రాజెక్టు కొనుక్కొద్దాం అంటున్నారు. నాకేమో మా ఊరి నీళ్ల మీద ఏదైనా చెయ్యాలని ఉంది. టీడీఎస్ సెన్సర్ పెట్టి ఫ్లోరైడ్ ఎంతుందో చూపించే మీటర్ చేద్దామనుకుంటున్నా. అవుతుందా?

జవాబు: తమ్ముడూ, నువ్వు పట్టుకున్న సమస్య బంగారం లాంటిది, ఎంచుకున్న సెన్సర్ మాత్రం పనికిరాదు. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, మొత్తం కరిగిన లవణాలు ఎన్ని ఉండొచ్చో అంచనా వేస్తుంది, అంతే. మన బోరు నీళ్లలో ఆ లవణాలు లీటరుకు వందల మిల్లీగ్రాములుంటాయి. ఫ్లోరైడ్ రెండో మూడో. ఆ వందల్లో ఈ రెండు మూడింటిని అది ఎట్లా విడదీస్తుంది? తాగునీటికి మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే నీ మీటర్ ఒకటికీ ఒకటిన్నరకూ తేడా చెప్పగలగాలి.

ఇంకో దారి ఉంది. ల్యాబుల్లో ఫ్లోరైడ్‌కు స్పాడ్న్స్ అనే ఎర్రటి రంగు వాడతారు. జిర్కోనియంతో కలిసిన ఆ రంగు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే అంత వెలిసిపోతుంది. 570 నానోమీటర్ల (పసుపు-ఆకుపచ్చ) వెలుతురు ఎంత దాటిందో కొలిస్తే లెక్క తేలుతుంది. ఆ వెలుతురుకు దగ్గరగా ఉండే ఎల్‌ఈడీ ఒకటి, ఎదురుగా ఫోటోడయోడ్, మధ్యలో నీళ్లుండే చిన్న గొట్టం, బయటి వెలుతురు పడకుండా నల్లటి డబ్బా, వెనక ఒక మైక్రోకంట్రోలర్. ఇది అచ్చంగా ఈసీఈ వాళ్లు చెయ్యగలిగిన పనే. రసాయనాల్లో యాసిడ్ ఉంటుంది కాబట్టి కెమిస్ట్రీ ల్యాబ్‌లో, అక్కడి మేడమో సారో పక్కనుండగానే కలపాలి.

ముందు సున్నా, అర, ఒకటి, 1.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణాలతో గ్రాఫ్ గీసుకో. మీ ఊరి బోరు నీళ్లు అంతకు మించితే డిస్టిల్డ్ వాటర్ కలిపి పలుచన చేసి కొలువు. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే పట్టు, గాజు సీసా వద్దు. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు కదా, ఆ క్లోరిన్ కూడా రంగును వెలిసిపోయేలా చేస్తుంది, దాంతో లేని ఫ్లోరైడ్ ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి క్లోరిన్ కలపని బోరు నీళ్లతో మొదలుపెట్టి, అవే శాంపిళ్లను ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్‌లో కూడా చూపించి, రెండు అంకెలూ పక్కపక్కన టేబుల్‌లో పెట్టు. నీ మీటర్ ఎక్కడ తప్పిందో దాచకుండా రాయి, ప్రాజెక్టుకు విలువ తెచ్చేది ఆ టేబులే.

మీ కాలేజీలో సివిల్ వాళ్లు తోడొస్తే ఇంకా మంచిది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. శుద్ధి చేశాక నీళ్లలో అల్యూమినియం ఎంత మిగులుతుంది, అడుగున చేరిన బురదను ఏం చెయ్యాలి అన్నవి ఇప్పటికీ అడగదగ్గ ప్రశ్నలే. మన జిల్లా పేరున్న పద్ధతిని మన పిల్లలే ముట్టుకోకపోతే నాకు బాధగా ఉంటుంది.

ఇక కొనే సంగతి. వైవాలో ఎక్స్‌టర్నల్ వచ్చి ‘ఈ రెసిస్టర్ ఇక్కడెందుకు పెట్టావు’ అంటే కొన్నవాడికి నోరు పెగలదు. రేపు ఇంటర్వ్యూలో కూడా రెజ్యూమేలో ఉన్న ఆ ఒక్క ప్రాజెక్టు గురించే అడుగుతారు. వద్దు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్‌కు (వైద్య విద్యార్థులకు స్వల్పకాలిక పరిశోధన పథకం) అప్లై చేస్తానంటే సీనియర్లు టైం వేస్ట్ అంటున్నారు. నాకు టాపిక్ కూడా దొరకట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టైం వేస్ట్ కాదు తల్లీ. 1979 నుంచి నడుస్తున్న పథకం అది, రెండు నెలల పని. మీ కాలేజీలోనే ఒక ప్రొఫెసర్ గైడ్‌గా ఉంటారు, రిపోర్టు ఆమోదం పొందితే స్టైపెండ్, సర్టిఫికెట్ ఇస్తారు. డబ్బు కంటే, ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా లాక్కురావడం అంటే ఏమిటో పీజీకి ముందే తెలుస్తుంది.

టాపిక్ కోసం గూగుల్‌లో వెతకకు, ఓపీలో కూర్చో. పాలమూరు నుంచి పనుల కోసం ముంబై, పుణె పోయివచ్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. బీపీ మందో షుగర్ మందో ఇక్కడ రాయించుకుని అక్కడికి పోయినవాళ్లు ఎన్నాళ్లు వాడారు, ఎందుకు ఆపేశారు? ఇందులో ఖరీదైన పరీక్షలేమీ లేవు, రెండు నెలల్లో తేలుతుంది, జవాబు మీ ఆసుపత్రికే పనికొస్తుంది. ఇంటి వంటలోంచి కూడా పరిశోధన పుడుతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందా అని పిల్లల్లో పరీక్షించారు, పోతుందని తేలింది. 2002లో అచ్చయింది ఆ పేపరు.

ఎంతమందిని తీసుకోవాలన్న లెక్కకు భయపడకు. సగం మంది మందు ఆపేసి ఉంటారని అనుకుని, పది శాతం అటూ ఇటూ తేడాకు ఒప్పుకుంటే 4 ఇంటూ 50 ఇంటూ 50, దాన్ని 10 ఇంటూ 10తో భాగించు. వంద మంది. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు మాత్రం ఒక్కరిని కూడా ప్రశ్న అడగొద్దు. ఆ కమిటీ మీటింగు ఎప్పుడో ముందే కనుక్కో, పిల్లలకు ఎక్కువగా ఆలస్యమయ్యేది అక్కడే.

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్, సూర్యాపేట. సీనియర్ తన థీసిస్ ఇచ్చి ఊరి పేరు, అంకెలు మార్చి పెట్టుకోమంది. అందరూ అంతే చేస్తారట.

జవాబు: అంకెలు మార్చడమంటే లేని రోగులను పుట్టించడం, ఆ పని చెయ్యొద్దమ్మా. కాపీ సంగతికొస్తే 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం పోలిక దాటితే చర్యలున్నాయి. అయితే ఆమె అడిగిన ప్రశ్నే మీరూ అడగొచ్చు, అందులో తప్పు లేదు. ఆమె పేరు చెప్పి, అదే ప్రశ్నాపత్రంతో మీ ఊళ్లో మీ సొంత డేటా తీసి, రెండు చోట్లా ఎందుకు తేడా వచ్చిందో రాయండి. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా చదవొచ్చు, అధ్యాయాలు ఎట్లా కడతారో చూసుకోండి.

ప్రశ్న: మాది పోచంపల్లి, మగ్గమే బతుకుదెరువు. మా పాప ఫిజియోథెరపీలో పీజీ చేస్తోంది. నేతపనివాళ్ల నడుంనొప్పి, భుజం నొప్పి మీద థీసిస్ చేస్తానంటే చిన్న టాపిక్ అన్నారట గైడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అన్నా, అది చిన్న టాపిక్ కానే కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు ఆసు (నేతకు ముందు దారాన్ని చేత్తో మేకులకు చుట్టే పని) యంత్రం చేసింది వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే కదా. ఒక్క చీరకు ఆసు పొయ్యాలంటే చెయ్యి 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి 1999లో ఆ యంత్రాన్ని నడిపించి చూపించారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగూ ఆరోగ్యమూ కలిసే చోటు ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

గైడు మాటలో నిజం కూడా ఉండొచ్చు. ‘నేతన్నలకు నొప్పులున్నాయా’ అని అడిగితే ఉన్నాయని మనందరికీ తెలుసు, అది థీసిస్ కాదు. గుంట మగ్గం మీద కూర్చునే ఎత్తు మారిస్తేనో, పని మధ్యలో కొన్ని వ్యాయామాలు చేయిస్తేనో నొప్పి ఎంత తగ్గుతుంది అని అడిగితే అది థీసిస్. కీళ్లు, కండరాల నొప్పులకు నార్డిక్ ప్రశ్నావళి అని అందరూ వాడేది ఉంది, దాన్ని తెలుగులో జాగ్రత్తగా పెట్టుకోవాలి. మెకానికల్ చదివే పిల్లలెవరైనా తెలిస్తే పీట ఎత్తు, పావుకోళ్లు తొక్కే బలం కొలవడానికి కలుపుకోమనండి. ఏ ప్రశ్న, ఎంతమంది, ఏం కొలుస్తాం, ఎన్ని నెలలు అన్నవి ఒక్క పేజీలో రాసుకుని మళ్లీ గైడు దగ్గరికి వెళ్లమనండి. పెళ్లిళ్ల ఆర్డర్లున్న నెలల్లో మగ్గం దిగి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, ఆ సంగతి పాపకు మీరే బాగా చెప్పగలరు. సర్వే తేదీలు మీ ఇద్దరూ కూర్చుని పెట్టుకోండి.