కామెర్లు అంటే కాలేయం చెడినట్టేనా?

సందేహం: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) రోగుల కోసం ఇంగ్లిష్‌లో ఉన్న కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. ‘జాండిస్’ ఉన్నచోట ‘కాలేయ వ్యాధి’ అని రాస్తే తోటివాళ్లు తప్పన్నారు. ‘కామెర్లు’ అనే రాయాలా? ‘కామెర్లు వచ్చింది’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా?

సమాధానం: ‘వచ్చాయి’ అనండి. వాంతులు, విరేచనాల్లాగే కామెర్లు కూడా తెలుగులో ఎప్పుడూ బహువచనమే. ఇక్కడ ‘జాండిస్’, కన్నడంలో ‘కామాలె’ వినీ వినీ ‘వచ్చింది’ అని నోటికి రావడం సహజం. దానికంత టెన్షన్ అక్కర్లేదు.

‘కాలేయ వ్యాధి’ మాత్రం తీసేయండి. జబ్బు పేరుగా వాడుకలో పడింది గానీ, కామెర్లంటే కంట్లో, ఒంట్లో కనిపించే పచ్చదనమే. అది ఎందుకొచ్చిందో ఆ మాట చెప్పదు. ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో కామల (కామెర్లు) గురించి పాండురోగ (ఒళ్లు పాలిపోయే జబ్బు) అధ్యాయంలోనే ఉంది. మనిషి పాలిపోయే జబ్బుకీ, పచ్చబడే జబ్బుకీ చుట్టరికం ఉందని పాతవాళ్లకు తెలుసన్నమాట. సికిల్ సెల్‌లో జరిగేది సరిగ్గా అదే. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఈ జబ్బులో కొడవలిలా వంగిపోయే కణాలు 10–20 రోజుల్లోనే విరిగిపోతాయి. వాటిలోంచి పుట్టే బిలిరుబిన్ అనే పసుపుపచ్చ పదార్థాన్ని కాలేయం ఎంత తోడేసినా ఇంకా వస్తూనే ఉంటుంది. దాంతో రక్తహీనతా, కళ్లు పచ్చబడటమూ రెండూ కలిసొస్తాయి. అప్పటికి కాలేయం నిక్షేపంగా ఉండొచ్చు.

అలాగని కాలేయానికి ఏమీ కాదనీ రాయకండి. ఆ బిలిరుబినే పిత్తాశయంలో రాళ్లు కడుతుంది. రాయి జారి పైత్యరసం దారికి అడ్డం పడితే పచ్చదనం ముదురుతుంది. వంగిన కణాలు కాలేయంలోని సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే కాలేయం వాచి, నొప్పి పుడుతుంది. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్లకు కాలేయంలో ఇనుము పేరుకుని, ఏళ్ల మీద దెబ్బతీస్తుంది.

‘కామెర్లు’ అని ఒక్కమాట రాసి వదిలేస్తే ఇంకో చిక్కుంది. అది చెవిన పడగానే మన ఇళ్లలో ఆకుపసరు, ఉప్పులేని పథ్యం మొదలవుతాయి. బెంగళూరు వచ్చినంత మాత్రాన అవి మానలేదు. అందుకే ఆ మాట ఉంచి, పక్కనే కారణం కూడా చెప్పాలి. ‘సికిల్ సెల్’ అన్న పేరు మార్చకపోవడం మంచిపని. రోగి చేతిలోని రిపోర్టు మీద ఉండేది అదే. ‘లవిత్రకణ వ్యాధి’ (లవిత్రం అంటే కొడవలి) అంటే డాక్టరుకే అర్థం కాదు.

ఇలా రాసి చూడండి: ‘సికిల్ సెల్ ఉన్నవారి కళ్లు అప్పుడప్పుడు పచ్చబడతాయి (కామెర్లు). రక్తకణాలు తొందరగా విరిగిపోవడం వల్ల ఎక్కువగా ఇలా జరుగుతుంది. కాలేయం, పిత్తాశయం దెబ్బతిన్నా కామెర్లు రావచ్చు. పచ్చదనం ఉన్నట్టుండి పెరిగినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, జ్వరం తగిలినా పసరు మందుల కోసం తిరగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.’